బంగారు కేసును కాదు, లోపలి యంత్రాన్ని చదవాలి

పాత అమెరికన్ జేబు గడియారం చేతికి రాగానే సేకరణకు కొత్తవారు ముందుగా చూసేది వెనక మూత మీది ముద్రను, నంబరును. పొరపాటు అక్కడే మొదలవుతుంది. వాల్థమ్, ఎల్జిన్, హామిల్టన్ వంటి కంపెనీలు చాలాకాలం ప్రధానంగా యంత్రాన్ని మాత్రమే తయారుచేసి అమ్మేవి. కేసులు, అంటే యంత్రాన్ని కప్పే లోహపు తొడుగులు, చేసేది కీస్టోన్, డ్యూబర్ వంటి వేరే సంస్థలు. యంత్రాలు 18, 16 వంటి నిర్ణీత సైజుల్లో వచ్చేవి కాబట్టి, కొనుగోలుదారు తన స్తోమతకు తగ్గ కేసును ఎంచుకుంటే నగల దుకాణదారు దానిలో యంత్రాన్ని బిగించి ఇచ్చేవాడు. అందువల్ల తయారీ సంవత్సరం తెలియాలంటే మూత తెరిచి, యంత్రం మీది క్రమసంఖ్యను ఆ కంపెనీ ఉత్పత్తి పట్టికతో పోల్చాలి. కేసు నంబరు అందుకు పనికిరాదు.

కేసు మీది రాతలూ తికమక పెడతాయి. 20 ఏళ్ల హామీ అని చెక్కి ఉంటే అది గడియారం వయసూ కాదు, మేలిమి బంగారానికి గుర్తూ కాదు. ఇత్తడి వంటి లోహానికి ఇరువైపులా అతికించిన బంగారు రేకు అంతకాలం అరగదన్న హామీ. కేసు మీద రైలింజను బొమ్మ ఉంటే అది రైల్వే గడియారమే అనుకోవడమూ ఇలాంటిదే. 1891లో ఒహాయోలోని కిప్టన్ వద్ద రైళ్లు ఢీకొన్నాక గడియారాల వ్యాపారి వెబ్ బాల్ పర్యవేక్షణలో రైల్వే గడియారాల తనిఖీ కట్టుదిట్టమైంది. తర్వాత స్థిరపడిన ప్రమాణాల్లో కనీసం 17 జ్యువెల్స్ (ఇరుసులు అరగకుండా అమర్చే చిన్న రాళ్లు; మన హెచ్ఎంటీ డయళ్ల మీద చూసిన మాటే), గడియారాన్ని 5 భంగిమల్లో ఉంచి సరిచూసిన నడక, వారానికి 30 సెకన్లకు మించని తేడా ఉండేవి. ముళ్లు పొరపాటున జరగకుండా, ముందు అద్దం విప్పి చిన్న మీట లాగితేనే సమయం మార్చే ఏర్పాటూ ఉండేది. వీటిలో ఒక్కటీ లేని చవక గడియారాల మీద కూడా ఇంజను బొమ్మ ఠీవిగా కనిపిస్తుంది.

ఇక, మొదట బిగించిన అసలు కేసు లేకపోతే గడియారం నకిలీయే అన్న వాదం. 1980లో బంగారం ధర ఎగబాకినప్పుడు ఎన్నో మేలిమి కేసులు కరిగిపోయాయి, యంత్రాలు దిక్కులేక మిగిలాయి. అలాంటి యంత్రాన్ని అదే కాలపు మరో కేసులో అమర్చితే దానిని నకిలీ అనడం నా దృష్టిలో అన్యాయం. పుట్టినప్పుడూ దుకాణంలో జరిగింది అదే కదా. అయితే దాన్నే అసలు కేసు అంటూ ఎక్కువ ధర చెబితే మాత్రం ఊరుకోకూడదు. యంత్రాన్ని పట్టి ఉంచే మరలు కేసు లోపలి అంచు మీద ఒరిపిడి గుర్తులు వేస్తాయి. ఆ గుర్తులు వేర్వేరు చోట్ల రెండు జతలుగా కనిపిస్తే, ఆ కేసులో ఇంతకుముందు మరో యంత్రం కాపురం చేసిందని అనుమానించి బేరమాడవచ్చు.