పోయిన ప్యాడ్ మీద ‘ఏ’ నొక్కండి

కంప్యూటర్ ఆటల చరిత్రలో ఇంతవరకూ ఎవరూ సన్మానించని మహావాక్యం ఒకటుంది. ఆటలోని పెద్ద శత్రువు, అదే బాస్, ప్రాణం ఆఖరి గీత మీద ఊగుతుండగా, మీ వీరుడు సగం దూకి గాల్లో ఉండగా, తెర మసకబారి మధ్యలో ఒక డబ్బా వెలుస్తుంది. ‘కంట్రోలర్ కనెక్షన్ తెగిపోయింది. కొనసాగడానికి ఏ నొక్కండి.’

ఏ ‘ఏ’? కీబోర్డు మీదిది కాదు. అది నొక్కి భంగపడినవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. గుండ్రటి ‘ఏ’. ప్యాడ్ మీది ‘ఏ’. ప్యాడ్ అంటే చేతిలో పట్టుకుని ఆడే కంట్రోలరే. ఏ ప్యాడ్ పోయిందని ఆ డబ్బా ఇప్పుడే ప్రకటించిందో, సరిగ్గా ఆ ప్యాడ్ మీది ‘ఏ’. ఫోన్ పనిచేయకపోతే ఇదే ఫోన్ నుంచి ఫిర్యాదు చేయండి అన్నవాడు కూడా దీని రచయిత ముందు బుద్ధిమంతుడే.

ఆ ఘడియలో మనిషిని గమనించండి. ముందు ‘ఏ’ నొక్కుతాడు, చెప్పింది అదే కదా. తర్వాత ఇంకాస్త గట్టిగా నొక్కుతాడు, మెల్లగా నొక్కింది దార్లో పడిపోయిందేమోనని. ఆ తర్వాత ప్యాడ్‌ను రెండు చేతులా ఎత్తి, విన్నపం సమర్పిస్తున్నవాడిలా సీపీయూ వైపు చాపుతాడు. మధ్యలోని లోగో బటన్ పట్టుకుంటాడు. దీపం మిణుకుతుంది, ఆశ చిగురిస్తుంది, దీపం ఆరిపోతుంది. ఎంటర్ కొడతాడు, ఆట వినదు. మౌస్ అందుకుంటాడు. ప్యాడ్‌తో ఆడుతున్నారు కదా, బాణం గుర్తుతో మీకేం పని అని ఆట దాన్ని ఎప్పుడో దాచేసింది. ఇంతలో దీపం నిలకడగా వెలుగుతుంది. అమ్మయ్య! ‘ఏ’ నొక్కుతాడు. ఏమీ జరగదు.

జరగకపోవడానికి శాస్త్రీయ కారణం ఉంది. విండోస్‌లో చాలా ఆటలు ప్యాడ్ మాట వినేది ఎక్స్‌ఇన్‌పుట్ అనే విండోస్ ఏర్పాటు ద్వారా. ఆ సభలో ఉన్నవి 4 కుర్చీలే. మొదటి కుర్చీలో కూర్చున్న మీ ప్యాడ్ లేచి వెళ్లి తిరిగొచ్చేసరికి, ఆ కుర్చీని ఏదో సాఫ్ట్‌వేర్ సృష్టించిన ఉత్తుత్తి ప్యాడ్ పట్టుకుని ఉండవచ్చు. మీది రెండో కుర్చీకి పోతుంది. ఆట మాత్రం మొదటి కుర్చీ వైపే చూస్తూ ‘ఏ’ కోసం ఎదురుచూస్తుంది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు, ఒకరికొకరు కనబడరు. విండోస్ రన్ డబ్బాలో జాయ్ డాట్ సీపీఎల్ (joy.cpl) అని కొట్టి, అక్కడ ఒకటికి మించి పేర్లుంటే అదనపువాటిని సృష్టించే సాఫ్ట్‌వేర్‌ను మూసేయాలి. ముందు ప్యాడ్ వెలిగించి, తర్వాతే ఆట తెరవాలి. తెరిచినప్పుడు ఒక్కసారి తలలు లెక్కపెట్టుకుని, ఆలస్యంగా వచ్చినవాళ్లను లోపలికి రానివ్వని ఆటలు కూడా ఉన్నాయి. వాటి క్రమశిక్షణకు జోహార్లు. ఇక సేవ్ చేసుకోలేదంటారా, అది మీ ఖర్మ.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి వైర్‌లెస్ ప్యాడ్ గొప్పతనం కూడా చెప్పుకోవాలి. కాళ్లు చాపుకుని పది అడుగుల దూరం నుంచి ఆడొచ్చు. ఎవరో అటుగా నడుస్తూ తీగ తన్ని, సీపీయూను నేలకు దించే ప్రమాదం లేదు. ‘వైర్‌లెస్ అయితే ఆలస్యం’ అని బెదిరించే పండితులను పట్టించుకోనక్కర్లేదు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. ప్యాడ్ సెకనుకు 250 సార్లు కబురు పంపితే కబురుకూ కబురుకూ మధ్య 4 మిల్లీసెకన్లు, 1000 సార్లయితే 1 మిల్లీసెకను. బొమ్మకు సొగసులు అద్దుతూ కూర్చునే టీవీ అంతకు ఎన్నో రెట్లు తింటుంది. దాంట్లో ఆ సొగసులు తగ్గించే గేమ్ మోడ్ పెట్టకుండా నేరం ప్యాడ్ మీద మోపడం అన్యాయం.

కనెక్షన్ బాగున్నంతసేపూ ఇది అద్భుత వస్తువే. ఆ ‘బాగున్నంతసేపూ’ అన్న మాట దగ్గరే కథంతా ఉంది.

బ్లూటూత్ తిరిగేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. వైఫై అక్కడే, వైర్‌లెస్ మౌస్ అక్కడే, మైక్రోవేవ్ అవెన్ కూడా అక్కడే. ఇంత రద్దీలో దూకుతూ తప్పుకోవడం బ్లూటూత్‌కు తెలుసు. బయటి శత్రువులతో ఎలాగో నెగ్గుకొస్తుంది. కానీ ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. యూఎస్‌బీ 3.0 పోర్టూ, దాని కేబులూ, దానికి తగిలించిన హార్డ్‌డిస్కూ డేటా పారుతున్నప్పుడు సరిగ్గా ఈ 2.4 ప్రాంతంలోనే రొద చేస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం రాసి మరీ చెప్పింది. అది చదివిన మనం ఏం చేశాం? బ్లూటూత్ డాంగిల్‌ను, అంటే సంకేతం అందుకునే ఆ చిన్న యూఎస్‌బీ ముక్కను, తీసుకెళ్లి నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులోనే గుచ్చాం, పక్క పోర్టులో హార్డ్‌డిస్క్ పెట్టి సినిమాలు కాపీకి వేశాం, ఆపైన ప్యాడ్ నాసిరకం అని తిట్టుకున్నాం.

మందు చాలా సులువు. మీటరో రెండు మీటర్లో ఉండే యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి, డాంగిల్‌ను దాని కొసకు పెట్టి, బల్ల మీద ప్యాడ్‌కు ఎదురుగా కనబడేలా ఉంచాలి. అంటే వైర్‌లెస్ సక్రమంగా పనిచేయడానికి కావలసిన ముఖ్యమైన పరికరం వైరు.

డాంగిల్ అక్కర్లేదు, మదర్‌బోర్డులోనే బ్లూటూత్ ఉందనేవారు ఒకసారి దయచేసి సీపీయూ వెనక్కి వంగి చూడండి. అక్కడ రెండు చిన్న బంగారు మరలు ఖాళీగా ఉంటాయి. వాటికి బిగించాల్సిన యాంటెన్నాలు మదర్‌బోర్డు అట్టపెట్టెలో, కవరు కూడా విప్పకుండా భద్రంగా ఉంటాయి. నెట్ కేబుల్‌తో వస్తోంది కదా, వైఫై యాంటెన్నా ఎందుకని వదిలేశారు. వైఫైకీ బ్లూటూత్‌కీ యాంటెన్నా ఒకటే. అది లేకపోతే ఇనప డబ్బా దాటి ఆ సంకేతం కుర్చీ దాకా రావడమే గొప్ప, సోఫా దాకా అడగకండి.

ఇక జ్ఞాపకశక్తి. చాలా ప్యాడ్లకు ఒక్క యజమానే గుర్తుంటాడు. ప్లేస్టేషన్ 4 ప్యాడ్ డ్యూయల్‌షాక్ 4ను ఓసారి ఆ కన్సోల్‌కు (టీవీకి తగిలించే ఆటల పెట్టెకు) కేబుల్‌తో తగిలించారంటే చాలు, అది కంప్యూటర్‌ను మర్చిపోతుంది. కంప్యూటర్ మాత్రం ‘పెయిర్డ్’ అని తన జాబితాలో పేరు చూసుకుని మురిసిపోతూనే ఉంటుంది. ఈ ఏకపక్ష ప్రేమకు విడాకులే పరిష్కారం. సెట్టింగ్స్‌లో ఆ పరికరాన్ని తొలగించి, షేర్, పీఎస్ బటన్లు రెండూ కలిపి దీపం గబగబా కొట్టుకునేదాకా పట్టుకుని, కొత్తగా పెయిర్ చేయాలి.

ఇంకో ముచ్చట, మెనూలో ఒక్కసారి కిందికి నొక్కితే రెండు మెట్లు దిగడం. ‘న్యూ గేమ్’ దాటి, ‘లోడ్’ దాటి, ‘ఎగ్జిట్’ మీద వాలుతుంది. అసలు ప్యాడూ, దాన్ని అనువదించే సాఫ్ట్‌వేర్ పుట్టించిన నకిలీ ప్యాడూ రెండూ ఆటకు కనబడితే ఇలాగే అవుతుంది. అలా అనువదించే స్టీమ్ ఇన్‌పుట్, డీఎస్4విండోస్ రెంటిలో ఒకటే నడపాలి. అసలుదాన్ని దాచడానికి హైడ్‌హైడ్ అని మరో సాఫ్ట్‌వేర్ ఉంది. ప్యాడ్ కనబడేలా చేయడానికి ఒకటి, కనబడకుండా చేయడానికి ఇంకొకటి!

ఛార్జింగ్ గురించి ఎక్కువ చెప్పను. యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో 4 తీగలుంటాయి, కరెంటుకు రెండు, డేటాకు రెండు. ఛార్జింగ్‌కే పనికొచ్చే చవక కేబుల్‌లో డేటా తీగలుండవు. కేబుల్ పెట్టినా ప్యాడ్ కనబడటం లేదని గోలపెట్టేముందు కేబుల్ మార్చి చూడండి. ప్లేస్టేషన్ 5 ప్యాడ్ డ్యూయల్‌సెన్స్‌లో గొప్పగా చెప్పుకునే ఆ సున్నితమైన వైబ్రేషన్ కూడా చాలా కంప్యూటర్ ఆటల్లో కేబుల్ పెడితేనే వస్తుంది. వైర్‌లెస్ ప్యాడ్ అసలు రుచి వైరుతోనే అన్నమాట. 2002లో నింటెండో తెచ్చిన వైర్‌లెస్ ప్యాడ్ వేవ్‌బర్డ్ నయం. రెండు ఏఏ బ్యాటరీలు, ఛానెల్ మార్చుకోవడానికి 16 అంకెల చక్రం, వైబ్రేషన్ మోటార్ అసలే లేదు. లేనిదాన్ని ఉందనలేదు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. కొన్ని ప్యాడ్లతో పాటు వచ్చే సొంత డాంగిల్ దగ్గర మాత్రం నవ్వు రాదు. బొటనవేలి గోరంత ముక్క. అది పోతే, డాంగిల్‌తో మాత్రమే నడిచే ప్యాడ్ బటన్లన్నీ బాగున్నా, బ్యాటరీ బాగున్నా చెత్తబుట్టకే. ఫ్యాక్టరీలోనే ఆ రెంటినీ ముడివేస్తారు. చాలా కంపెనీలు మళ్లీ ముడివేసుకునే సాఫ్ట్‌వేర్ ఇవ్వవు, విడి డాంగిల్ అమ్మవు, అడిగితే కొత్త ప్యాడ్ కొనుక్కోమంటాయి. ఇది సాంకేతికంగా కుదరని పనా? 2009లోనే లాజిటెక్ ఒక్క యూనిఫయింగ్ రిసీవర్‌తో 6 మౌసులు, కీబోర్డులు కలిపింది, రిసీవర్‌ను విడిగానూ అమ్మింది. ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్ అడాప్టర్ విడిగా దొరుకుతుంది, 8 ప్యాడ్ల దాకా మోస్తుంది. కాబట్టి చేతకాక కాదు, చేయడం ఇష్టంలేక. పనిచేస్తున్న వస్తువును వాడుకోనివ్వకుండా చేసి, ఆ నష్టం వాడేవాడి అజాగ్రత్త ఖాతాలో రాయడం మోసం. దానికి వేరే పేరు లేదు. ప్యాడ్‌లోనే డాంగిల్ దాచుకునే చిన్న అర పెట్టడానికి కూడా మనసొప్పని కంపెనీలు అట్టపెట్టె మీద ‘స్వేచ్ఛ’ అని అచ్చువేయడం మరీ సిగ్గుమాలిన పని.

సరే. యాంటెన్నాలు బిగించారు, డాంగిల్ బల్ల మీదికి వచ్చింది, హార్డ్‌డిస్క్ దూరం జరిగింది, నకిలీ ప్యాడ్ మాయమైంది, బ్యాటరీ నిండుగా ఉంది. మూడు గంటలు నిరాటంకంగా ఆడి బాస్‌ను పడగొట్టారు. ఇప్పుడు కథ చెప్పే సుదీర్ఘ దృశ్యం మొదలైంది. మీరు బుద్ధిగా చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఎక్స్‌బాక్స్ ప్యాడ్ 15 నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే తనంతట తానే ఆరిపోతుంది. వీరుడు ఆఖరి మాట చెప్పబోతుండగా తెర మసకబారుతుంది.

‘కంట్రోలర్ కనెక్షన్ తెగిపోయింది. కొనసాగడానికి...’