మీ ఎడమ కాదు మావయ్యగారూ, నా ఎడమ

ఇటలీలోని వాలిన పీసా టవర్ దగ్గరికి వెళ్లినవాళ్లు ఒక్క నిమిషం టవర్ని వదిలేసి జనాన్ని చూడాలి. పచ్చిక అంచున పదులకొద్దీ మనుషులు చేతులు చాచి, మోకాళ్లు వంచి, పళ్లు బిగించి గాలిని నెడుతుంటారు. ఒకాయన గాలిని కాలితో తన్నుతుంటాడు. ఒకావిడ గాలికి వీపు ఆనించి కళ్లు మూసుకుంటుంది. గడ్డి అంచున పొట్టి రాతి దిమ్మలుంటే వాటిమీదా ఎక్కి నెట్టేవాళ్లున్నారు. ఏ ఒక్కరి చేతికీ ఏదీ తగలదు. ప్రతివాళ్ల ఎదురుగా మాత్రం ఒక మనిషి ఫోను పట్టుకుని, ఒక కన్ను మూసి, "ఇంకొంచెం... ఇంకొంచెం..." అని గొణుగుతుంటాడు, ఫోటోలో ఆ చేతులు టవర్ని ఆపుతున్నట్టు పడాలి మరి.

మన తెలుగు కుటుంబమైతే ఫోను అల్లుడి చేతిలో ఉంటుంది. నెట్టే పని మావగారిది.

"మావయ్యగారూ, కొంచెం ఎడమకి."

ఆయన జరుగుతారు.

"మీ ఎడమ కాదండీ, నా ఎడమ."

"నీ ఎడమంటే నాకు కుడే కదయ్యా! ఆ ముక్క ముందే అనొచ్చుగా."

"చేతులు కొంచెం పైకి. ఇంకా పైకి. ఇప్పుడు మీరు గడ్డిని తోస్తున్నారు."

"ఎంతసేపయ్యా, భుజాలు లాగేస్తున్నాయి!"

"ఆయన్ని కూర్చోనివ్వు బాబూ, బీపీ మాత్ర కూడా వేసుకోలేదు," అని వెనకనుంచి అత్తగారు.

ఇందులో మావగారి తప్పు ఆవగింజంత కూడా లేదు. తోసేవాడు ఒకసారి నిలబడ్డాక శిలావిగ్రహంలా ఉండిపోవాలి, కదలాల్సింది తీసేవాడు. ప్రపంచంలో ఇన్ని లక్షల పీసా ఫోటోలు చెడిపోతున్నది ఈ ఒక్క సంగతి తలకిందులు కావడం వల్లే.

ముందు ఎక్కడ నిలబడాలో చూద్దాం. టవర్ దక్షిణానికి వాలి ఉంది. దక్షిణంవైపు నుంచో ఉత్తరంవైపు నుంచో తీస్తే అది మీ మీదికో, మీకు దూరంగానో వాలుతుంది కాబట్టి ఫోటోలో నిటారుగా పడుతుంది. ఇన్ని వేల మైళ్లు వచ్చి, లోకంలో ఎక్కడైనా దొరికే మామూలు టవర్ని ఫోటో తీసుకుని వెళ్లినవాళ్లున్నారు. పడమటివైపుకి రావాలి. అక్కడినుంచి చూస్తే ఎడమచేతి వైపు పెద్ద చర్చి, దాని పక్కన కుడివైపుకి ఒరిగిన టవర్ కనిపిస్తాయి. మావగారు టవర్‌కి కుడిపక్కన నిలబడితే దాన్ని ఆపుతున్నట్టు. ఎడమపక్కన నిలబెట్టారో, ఎనిమిది వందల ఏళ్ల కట్టడాన్ని కూలదోస్తున్నట్టు. ఇంట్లో ఆయన గురించి మీ అభిప్రాయం ఏదైనా సరే, కుడిపక్కనే నిలబెట్టండి. పొద్దున్నే వెళితే జనం తక్కువే కానీ సూర్యుడు టవర్ వెనకనుంచి వచ్చి మావగారి ముఖాన్ని నల్లగా చేస్తాడు. సాయంత్రం వెలుతురు ఎదురుగా పడుతుంది, జనం కూడా ఎదురుగానే పడతారు.

ఇక లెక్క. టవర్ ఎత్తు దాదాపు 56 మీటర్లు. మీరు దానికి 150 మీటర్ల దూరంలో ఉన్నారనుకోండి. అప్పుడు మీకు నాలుగున్నర మీటర్ల దూరంలో నిలబడ్డ ఐదున్నర అడుగుల మనిషీ, ఆ టవరూ ఒకే ఎత్తులో కనిపిస్తారు. మూడు మీటర్లకి దగ్గరైతే మావగారు టవర్‌కి ఒకటిన్నర రెట్లు అవుతారు. అలాంటాయన అంత కష్టపడి నెట్టాల్సిన అవసరమేముంది, చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చేయొచ్చు. కాబట్టి నాలుగున్నర మీటర్లు, అంటే ఆరేడు అంగలు వేసి వెనక్కి రండి. వచ్చేటప్పుడు వెనక చూసుకోండి, అక్కడ ఇంకో అల్లుడు గొంతుక్కూర్చుని ఉంటాడు.

గొంతుక్కూర్చోవడమే అసలు కీలకం. నిలబడి, కంటి ఎత్తులో ఫోను పెట్టి తీశారనుకోండి. మావగారి అరచేతులు మీ కంటికన్నా కిందనే ఉంటాయి, అంటే ఫోటోలో అవి టవర్ మొదలుకన్నా దిగువన, నేలమీద పడతాయి. అల్లుడు "గడ్డిని తోస్తున్నారు" అన్నది అందుకే. ఆ మాట అన్న తర్వాత ఆయన చేతులు తలమీదికి ఎత్తించడం దండగ, దొంగ దొరికిపోయినట్టు కనిపిస్తారు. ఫోనునే నేలకి ఒకటిన్నర అడుగు ఎత్తుకి దించితే, ఛాతీ ఎత్తులో ఉన్న ఆ చేతులే టవర్ నడుం దగ్గరికి, సుమారు ముప్ఫై మీటర్ల ఎత్తుకి చేరతాయి. మోకాళ్లు సహకరించని అల్లుళ్లు ఫోనుని తలకిందులుగా పట్టుకుంటే లెన్సు కిందికి వస్తుంది, కొంత వంగుడు తప్పుతుంది.

పక్కలకి సరిచేయడం ఇంకా తేలిక. చేతికీ గోడకీ మధ్య సందు మిగిలితే ఫోనుని మావగారి వైపుకి జరపండి. చెయ్యి గోడలోకి దూరిపోతే టవర్ వైపుకి జరపండి. ఫోను ఒక అంగుళం జరిగితే చేతి పక్కన టవర్ కూడా ఇంచుమించు అంగుళమే జరుగుతుంది, కాబట్టి అడుగులు వేయక్కర్లేదు, మణికట్టు చాలు. మావగారికి ఇవ్వాల్సిన ఆజ్ఞ ఒక్కటే: "అరచేతులు నిలువుగా, వేళ్లు పైకి, ఇక ఊపిరి తప్ప ఏదీ వద్దు." ఎడమా కుడీ అన్న ప్రసక్తే రాదు, కుటుంబం క్షేమంగా ఉంటుంది.

ఫోను కూడా తన వంతు ద్రోహం చేస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్‌లో మావగారు ముక్కుమీది పుట్టుమచ్చతో సహా వస్తారు, టవర్ తెల్లటి పొగలా అలికేసినట్టు వస్తుంది. జూమ్ 0.5 పెడితే అంచున ఉన్నవాళ్లు సాగిపోతారు, అత్తగారు అంచున ఉంటే ఆ ఫోటో గురించి రాత్రికి విడిగా చర్చ ఉంటుంది. మామూలు 1 చాలు. తెరమీద గళ్లు పెట్టుకుని నిలువు గీతని చర్చి గోడకి సరిచూడండి. టవర్ వాలు ఇప్పుడు నాలుగు డిగ్రీలే, చెయ్యి ఆపాటి ఒరిగినా వాలు మాయమవుతుంది, లేదా రెట్టింపవుతుంది.

నాలుగే ఎందుకంటే, అంతకుముందు ఐదున్నర ఉండేది. ఈ కథ తెలిస్తే గాలిని నెట్టేవాళ్లమీద జాలి తగ్గుతుంది. కట్టడం 1173లో మొదలైంది. కింద మెత్తటి బంకమట్టి. మూడో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి 1178లో ఒరగడం తెలిసింది. ఆ తర్వాత యుద్ధాలతో సుమారు వందేళ్లు పని ఆగింది, ఆ ఆలస్యంలో నేల గట్టిపడబట్టే టవర్ మిగిలిందని ఇంజినీర్లు అంటారు. బిల్లు పాస్ కాక ఆగిన పనులవల్ల మేలు జరిగిన దాఖలా ఇదొక్కటే అయ్యుండాలి. తిరిగి మొదలెట్టినప్పుడు పై అంతస్తుల్ని కాస్త ఎదురువైపుకి తిప్పి కట్టారు, అందుకే టవర్ వాలడమే కాదు, కొద్దిగా వంగి కూడా ఉంటుంది. పైన గంటల గది దగ్గర దక్షిణంవైపు ఆరు మెట్లు, ఉత్తరంవైపు నాలుగే.

ఆ తర్వాత బాగుచేయబోయిన ప్రతివాడూ చెడగొట్టాడు. 1838లో ఒక వాస్తుశిల్పి, పునాది దగ్గరి చెక్కడాలు కనిపించాలని చుట్టూ కాలువలా తవ్వించాడు, అది ఇంకా ఒరిగింది. 1934లో పునాదిలోకి సిమెంటు ఎక్కించారు, అప్పుడూ ఒరిగింది. 1990లో జనాన్ని ఎక్కనివ్వడం మానేసి, ఆ తర్వాత ఉత్తరంవైపు వందల టన్నుల సీసం దిమ్మలు పేర్చారు. 1995లో నేలని గడ్డకట్టించబోతే ఒక్క రాత్రిలో కదిలింది, ఇంకా సీసం తెచ్చి పెట్టాల్సి వచ్చింది. చివరికి పనికొచ్చిన ఉపాయం వినడానికి వెర్రిగా ఉంటుంది. ఒరిగిన పక్క నెట్టడం కాదు, ఒరగని పక్క, అంటే ఉత్తరాన, పునాది కిందినుంచి మట్టిని ఏటవాలు గొట్టాలతో కొంచెం కొంచెంగా తోడేశారు. మొత్తం తీసింది సుమారు 38 ఘనపు మీటర్లు. పధ్నాలుగు వేల టన్నులకు పైబడ్డ టవర్ ఆ ఖాళీలోకి నిదానంగా సర్దుకుని వెనక్కి లేచింది. పైకొసలో దాదాపు అర మీటరు వెనక్కి వచ్చాక చాలన్నారు. పూర్తిగా నిలబెడితే ఊరికి ఎవడొస్తాడు? 2001 డిసెంబరులో మళ్లీ తలుపులు తెరిచారు.

ఎక్కాలనుకుంటే టికెట్‌మీద వేసిన గంటకే వెళ్లాలి, ఆ గంట దాటితే అంతే. ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని పైకి రానివ్వరు, ఆ సంగతి గుమ్మం దగ్గర తెలుసుకుని, "నువ్వు ఎక్కు, నేను చూస్తాను" అని భార్యాభర్తలు త్యాగాలు చేసుకోవడం అక్కడ నిత్యం జరిగేదే. సంచులు కింద సామాన్ల గదిలో ఇచ్చేయాలి. అత్తగారి హ్యాండ్‌బ్యాగ్ కూడా. అందులో పాస్‌పోర్టులు, ఇన్సులిన్, నాలుగు మురుకులు ఉన్నాయి కాబట్టి ఆవిడ ఎక్కరు. ఫోను పట్టుకెళ్లనిస్తారు. రెండున్నర వందలకు పైగా మెట్లు, గుండ్రంగా తిరుగుతూ ఎక్కాలి. పాలరాయి నడుమ అరిగి గుంటలు పడింది. ఒక చుట్టులో సగం దూరం గోడ మిమ్మల్ని లోపలికి లాగుతుంది, మిగతా సగం బయటికి తోస్తుంది, అంటే వాలు పాదాలకే తెలుస్తుంది. వానపడ్డ రోజున ఆ రాయి జారుతుంది, చెప్పులకన్నా బూట్లు నయం.

రైలు సంగతి రెండు ముక్కల్లో. ఫ్లోరెన్స్ నుంచి గంట దూరం. పీసా పెద్ద స్టేషన్లో దిగితే ఊళ్లోంచి ఇరవై పాతిక నిమిషాల నడక, అక్కడ రైలు మారి పీసా సాన్ రొస్సోరెలో దిగితే పది నిమిషాలు. పక్క ఊరు లూకా నుంచి వచ్చే రైళ్లు కూడా ఆ చిన్న స్టేషన్లో ఆగుతాయి. కాగితం టికెట్ ఉంటే ప్లాట్‌ఫారంమీదున్న యంత్రంలో పెట్టి తేదీ ముద్ర వేయించుకున్నాకే ఎక్కండి. లేకపోతే కొన్న టికెట్ చేతిలో ఉండగానే జరిమానా కడతారు, ఈ న్యాయాన్ని టీసీకి తెలుగులో వివరించిన మావగార్లున్నారు, ఫలితం లేదు.

తిండికి శాకాహారులు భయపడక్కర్లేదు. చెచీనా అని ఆ ఊరి సరుకు ఒకటుంది: శనగపిండి ఒక వంతు, నీళ్లు సుమారు మూడు వంతులు, ఆలివ్ నూనె, ఉప్పు. కలిపి నానబెట్టి, వెడల్పాటి రేకులో పలచగా పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు, పైన మిరియాలు. అత్తగారు దాన్ని కొరికి "ఇందులో పచ్చిమిర్చి, జీలకర్ర పడాలి" అని తీర్పు చెప్పి రెండోది అడుగుతారు. కాఫీ బల్లకి ఆనుకుని నిలబడి తాగితే ఒక ధర, కుర్చీలో కూర్చుంటే చాలాచోట్ల ఇంకో ధర. గుక్కెడు కాఫీకి కూర్చోవడం మొదట్లో మనవాళ్లందరూ చేసే పొరపాటే.

ఇంతా చేసి, గొంతుక్కూర్చుని, మణికట్టు తిప్పి, మావగారి అరచేయి టవర్ నడుంకి జుట్టంత సందు లేకుండా ఆనిన ఫోటో ఒకటి తీసి, ఆ రాత్రే ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు అల్లుడు. పొద్దున్న లేచి చూస్తే కాకినాడ నుంచి పెదనాన్నగారి జవాబు: "ఫోటో బాగుంది బాబూ, కొద్దిగా వంకరగా వచ్చింది. ఎడిట్‌లో ఆటో నొక్కి సరిచేసి పెట్టాను." కింద ఆయన పెట్టిన బొమ్మలో టవర్ నిటారుగా ఉంది, మావగారు మాత్రం ముందుకి పడిపోతున్నారు.