బాకూలో ఒక మాట, ఘోరమారాలో ఇంకో మాట

పశ్చిమ బెంగాల్‌లో హుగ్లీ నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఘోరమారా దీవి 1975లో సుమారు 8.5 చదరపు కిలోమీటర్లు. 2012 నాటికి సగమే మిగిలింది. ఆ తర్వాతా కోత ఆగలేదు. ఇదంతా పాఠకులకు తెలిసిన సంగతే. ఒళ్లు మండించేది దాని వెనక ఏళ్ల తరబడి నడుస్తున్న తంతు. దీవి ఎందుకు పోతోందంటే సముద్రమట్టం అంటారొకరు. కాదు, నది కోత అంటారింకొకరు. గంగ మీది ఫరక్కా బ్యారేజీ అంటారు, హల్దియా రేవు అంటారు. ఈ వాదన ఒక కొలిక్కి వచ్చేలోగా ఇంకో గట్టు తెగుతుంది, ఇంకొన్ని కుటుంబాలు మూటాముల్లె సర్దుకుంటాయి.

కారణాలు అనేకం అన్నమాట అబద్ధం కాదు. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం 20 సెంటీమీటర్ల మేర పెరిగింది. ఈ దీవి ఉన్న సుందర్బన్స్‌లో దానికి తోడు నేల కూడా కుంగుతోంది. 1975లో మొదలైన ఫరక్కా బ్యారేజీ నది నడకను మార్చింది. హల్దియా రేవుకు ఓడల దారి కోసం చేసిన పనులే ప్రవాహాన్ని తమ ఒడ్డు మీదికి తోశాయని దీవి జనం ఎప్పటినుంచో అంటున్నారు. అంతా వాతావరణ మార్పు ఖాతాలో రాస్తే ఇక్కడి ప్రభుత్వాలు తప్పించుకుంటాయన్న నిపుణుల హెచ్చరికలోనూ న్యాయం ఉంది. సరే, అయితే? నలుగురు కలిసి ఒక ఇల్లు కూలగొడితే నేరం నలుగురిదీ అవుతుంది గానీ ఎవరిదీ కాకుండా పోదు. పైగా ఫరక్కా కేంద్రానిదే, హల్దియా రేవూ కేంద్రం చేతిలోదే. దీవి మునగడానికి వాతావరణం కారణం కాదంటే బాధ్యత ఢిల్లీకి ఇంకా దగ్గరవుతుంది. ఈ చిన్న లెక్క ఢిల్లీవారికి తెలియదనుకోవాలా?

ఇదే ఢిల్లీ అంతర్జాతీయ వేదికలెక్కితే గొంతు మారిపోతుంది. 2024లో బాకూలో జరిగిన వాతావరణ సదస్సు వర్ధమాన దేశాలకు ఏటా 300 బిలియన్ డాలర్ల సాయమని లెక్క తేల్చినప్పుడు అది కనికట్టు తప్ప మరోటి కాదని మన ప్రతినిధి మొహం మీదే చెప్పారు. మంచి పని చేశారు. రెండు శతాబ్దాలుగా బొగ్గు, చమురు కాల్చి బాగుపడ్డ దేశాలే మూల్యం చెల్లించాలన్నది న్యాయమైన వాదన. కారణాలు అనేకం, ఎవరి వాటా ఎంతో తేలలేదు అని ఆ దేశాలు సాకులు వెతికితే మనం ఊరుకోం. మరి సరిగ్గా అదే సాకు ఘోరమారా దగ్గర మనకెలా పనికొచ్చింది? ధనిక దేశాల నోట్లో అది దొంగమాట అయితే మన నోట్లో శాస్త్రం ఎలా అవుతుంది?

సంక్రాంతికి గంగాసాగర్ స్నానానికి వెళ్లే తెలుగువాళ్లు కాక్‌ద్వీప్ దగ్గర ఫెర్రీ ఎక్కుతారు. ఘోరమారాకూ అటునుంచే పడవలు. దిగితే ముందు కనబడేది మట్టి కట్ట. పున్నమికీ అమావాస్యకీ పెద్ద పోటు వచ్చినప్పుడల్లా దానికి మట్టి మెత్తుతూనే ఉండాలి. కట్ట లోపల తమలపాకు తోటలు. ఉప్పునీరు ఒక్కసారి లోపలికొచ్చిందా, తీగ పోయినట్టే. ఆ నేల మళ్లీ మంచిదయ్యే దాకా పంట మాట మర్చిపోవాలి. 2021 మేలో యాస్ తుపానుకు దీవి మొత్తం నీళ్లపాలైంది. అక్కడ పట్టా ఉంటుంది, పొలం ఉండదు. భూసేకరణ చట్టం కింద పరిహారం అడుగుదామంటే సముద్రం నోటీసు ఇచ్చి తీసుకోలేదు కదా! చాలామంది పక్కనున్న సాగర్ దీవికి మారారు. మొదట వచ్చినవాళ్లకు కాస్త సాగుభూమి దొరికింది, వెనక వచ్చినవాళ్లకు అదీ తగ్గింది. ఇప్పుడు సాగర్ ఒడ్డునూ సముద్రం కోస్తోంది. కపిలముని పాత గుడులు పోయింది అందులోనే.

తుపాను కేంద్ర సాయం అందే విపత్తు, వరదా విపత్తే, చివరికి పంట మీద పురుగు పడ్డా విపత్తే. తీరం కోతను మాత్రం ఆ జాబితాలోకి రానివ్వలేదు. ఒక్క రాత్రిలో ఇల్లు పోతే బాధితుడు, పదేళ్లపాటు రోజుకింత పోతే ఎవరూ కాడు. 15వ ఆర్థిక సంఘం ఈ అన్యాయాన్ని గుర్తించి 2021–26 కాలానికి కోత నివారణకు రూ.1,500 కోట్లు, నిర్వాసితుల పునరావాసానికి రూ.1,000 కోట్లు ప్రత్యేకించింది. విధానం ముసాయిదా తయారయ్యేసరికే 2023 వచ్చింది. ఒడిశా మాత్రం సముద్రపు కోతకు గురైన సతభాయా గ్రామాలవాళ్లను బాగపతియాకు తరలించి చూపించింది. అక్కడ పనుల్లేక కుర్రాళ్లు వలస పోతున్న మాట నిజమే గానీ కనీసం ఇళ్ల స్థలాలైనా ఇచ్చారు.

ఘోరమారా పక్కనే ఉండిన లోహచారా ఎప్పుడో మునిగిపోయింది. అది సముద్రం మింగిందా, నది మింగిందా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అక్కడి జనం ఏమయ్యారని అడిగే నాథుడు లేడు. అదే న్యూ మూర్ చూడండి. నరమానవుడు లేని ఇసుక దిబ్బ. బంగ్లాదేశ్‌తో తగువులో అది మనదేనని చాటడానికి 1981లో నౌకాదళాన్ని పంపి జెండా పాతించారు. 2010 నాటికి అదీ నీళ్లలో కలిసింది. ఖాళీ దిబ్బకు యుద్ధనౌకలు వెళ్లాయి. మనుషులున్న దీవికి కమిటీలు వెళ్తున్నాయి.

ఇది బెంగాల్ గొడవ అనుకునేవాళ్లు ఒకసారి కాకినాడ దగ్గరి ఉప్పాడ వెళ్లి రావాలి. జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్కన 1990–2018 మధ్య ఆంధ్రప్రదేశ్ తీరంలో 28.7 శాతం కోతకు గురైంది. గోదావరి ఒండ్రు ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. ఉప్పాడలో ఇళ్లు, గుళ్లు, రోడ్డు వరసగా పోతున్నాయి. అక్కడా రేవు వల్లనా, ఆనకట్టల వల్లనా, సముద్రం వల్లనా అన్న చర్చే. ఘోరమారాలో ఈ సాకు చెల్లిందంటే రేపు ఉప్పాడ మత్స్యకారులకూ ఇదే జవాబు వస్తుంది.

కేటాయించిన ఆ వెయ్యి కోట్లలో ఘోరమారాకు ఎంత వెళ్లింది, ఉప్పాడకు ఎంత వచ్చింది? కేంద్రం, రెండు రాష్ట్రాలూ ముందు ఆ లెక్క జనం ముందు పెట్టాలి. ధనిక దేశాలను నిలదీయడానికి విమానం ఎక్కేది ఆ తర్వాతే.