సవరణ: తల విసిరే లేత గుర్రం గురించి

మా 4 ఏళ్ల గుర్రం కళ్లెం తగలగానే తల విసురుతోందని, అది మొండితనమేనని, తగ్గకుండా స్వారీ కొనసాగించాలని ఇంతకుముందు రాశాను. ఆ సలహా తప్పు. దయచేసి ఎవరూ పాటించకండి.

పశువైద్యుడు నోరు తెరిచి చూపిస్తే, ఊడుతున్న పాలపన్ను చుట్టూ చిగురు ఎర్రగా వాచి ఉంది. గుర్రాలకు దాదాపు 2.5 ఏళ్ల నుంచి 5 ఏళ్ల వరకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తూనే ఉంటాయి. చాలామంది స్వారీ నేర్పేదీ ఆ వయసులోనే. పగ్గం లాగిన ప్రతిసారీ అది నొప్పి అని చెప్పింది, నేను పొగరు అనుకున్నాను. పాపం, ఎంత ఓర్చుకుందో!

గుర్రం ఎదురుతిరిగితే ముందు పళ్లు, వీపు, జీను అమరిక చూపించండి. నేను పది రోజులు కళ్లెం తీసేసి, పక్కన నడుస్తూ మాత్రమే తిప్పాను. నిన్న తనంతట తానే వచ్చి నా భుజం మీద మూతి ఆనించింది.