విశ్వేశ్వరయ్య డ్రైనేజీ చాలు, కొత్త నాలాలు దండగ అనే ప్రచారంపై ఖండన

హైదరాబాద్‌లో గట్టి వాన పడిన ప్రతిసారీ వాట్సాప్‌లో ఒక సందేశం మళ్లీ తిరగడం మొదలవుతుంది. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు నగరమంతటికీ ఎన్నటికీ సరిపోయే డ్రైనేజీ కట్టించి ఇచ్చారని, జంట జలాశయాలతో వరద ముప్పు శాశ్వతంగా తొలగిందని, ఇప్పుడు కాలనీలు మునగడానికి ప్లాస్టిక్ చెత్త ఒక్కటే కారణమని, కనుక పూడిక తీస్తే చాలు, నాలాల (వాననీటి కాలువల) విస్తరణకు పెట్టే ఖర్చంతా దండగ అని దాని సారాంశం. విశ్వేశ్వరయ్య గారిపై గౌరవంతోనే చాలామంది దీన్ని పంచుకుంటున్నారు. ఆ గౌరవం నాకూ ఉంది. అందువల్లనే, ఆయన చేయని పనిని ఆయనకు అంటగట్టి, చేసిన పనిలోని అసలు సంగతిని మరుగుపరిచే ఈ మాటలకు జవాబు చెప్పడం అవసరమనిపించింది.

ముందుగా, ఏది ఎప్పుడు జరిగిందో చూద్దాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనబెట్టుకుంది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన గొట్టాలతో మొదలుపెట్టలేదు, నది పరీవాహక ప్రాంతం మొత్తాన్ని కొలవడంతో మొదలుపెట్టారు. అందులో 788 చెరువులు ఉన్నాయని, వాటిలో 221 చెరువుల కట్టలు ఆ వరదలో తెగాయని, శంషాబాద్‌లో ఒక్క రోజులోనే 12.8 అంగుళాలు, అంటే 32 సెంటీమీటర్లకు పైగా వాన కురిసిందని ఆ పరిశీలనలో తేలింది. ఆ లెక్కల మీదనే, నగరానికి ఎగువన నీటిని నిలిపే జలాశయాలను ఆయన సిఫారసు చేశారు. మూసీపై ఉస్మాన్ సాగర్ (గండిపేట) 1920లోనూ, దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. జంట జలాశయాలంటే ఇవే. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడగా, భూగర్భ డ్రైనేజీ 1931 నాటికి రూపు దిద్దుకుంది. అంటే ఇది వరద వచ్చిన వెంటనే ఒక్కరు కట్టి ఇచ్చిన పని కాదు. రెండు దశాబ్దాలకు పైగా అనేకమంది ఇంజనీర్లు, వేలమంది కూలీలు, ఇద్దరు నిజాంల ప్రభుత్వాలు ఖర్చుకు వెనుదీయకుండా సాగించిన పని.

ఆ డ్రైనేజీ నగరమంతటికీ సరిపోతుందన్న మాట అంకెల ముందు నిలవదు. అది సుమారు 54 చదరపు కిలోమీటర్లలో ఉన్న 5 లక్షల లోపు జనాభా కోసం వేసినది. 2007లో జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఏర్పడినప్పుడు దాని విస్తీర్ణం 625 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన నాటికి అందులో 67 లక్షలకు పైగా జనం ఉన్నారు. ఎల్బీ నగర్, ఉప్పల్, మల్కాజిగిరి, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి 2007 వరకు వేరువేరు మున్సిపాలిటీలు. ఆ కాలనీల కింద ఆయన కాలపు గొట్టాలు లేనే లేవు.

ఇంకొక పొరపాటు కూడా ఇక్కడే ఉంది. మనం డ్రైనేజీ అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు వ్యవస్థలను పిలుస్తున్నాం. ఇళ్ల మురుగునీరు పోయే సీవర్ లైన్లు జలమండలి (నగర నీటి సరఫరా, మురుగునీటి బోర్డు) చూసేవి, వాననీరు పోయే నాలాలు జీహెచ్‌ఎంసీ చూసేవి. రోడ్డు మీద నీళ్లు నిలవగానే మ్యాన్‌హోల్ మూత ఎత్తేయడం మన బస్తీల్లో అలవాటైపోయింది. అలా సీవర్‌లోకి దిగిన వాననీరు పల్లంలో ఉన్న ఇళ్ల బాత్రూముల్లోంచి మురుగై పైకి తంతుంది. ఆ రాత్రి మురుగు ఎత్తిపోసుకునే కుటుంబాలది ఏ తప్పూ ఉండదు. తెరిచి వదిలేసిన మూతలు మనుషుల ప్రాణాలు తీస్తున్నాయి కూడా.

జలాశయాల సంగతే అన్నిటికన్నా ఎక్కువగా అపార్థమైనది. గండిపేట, హిమాయత్ సాగర్ తమకు ఎగువన, నగరానికి పడమటి వైపున కురిసిన వానను మాత్రమే ఆపగలవు. నగరం నెత్తిన కురిసే వానతో వాటికి సంబంధం లేదు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబర్ 13న తూర్పున ఘట్‌కేసర్ వద్ద ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. 1908లో శంషాబాద్‌లో పడిన వానకు ఇది దాదాపు సమానమే, కానీ పడిన చోటు జలాశయాలకు దిగువన. అదే నెలలో పాతబస్తీ వైపు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలను ముంచాయి. ఆ నీటిలో ఒక్క చుక్కయినా జంట జలాశయాల మీదుగా వచ్చింది కాదు. ఇక ఆ జలాశయాలే నిండినప్పుడు గేట్లు ఎత్తక తప్పదు; 2025 సెప్టెంబర్ చివర్లో అలా వదిలిన నీటితో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి చేరింది. జలాశయాలు ముప్పును బాగా తగ్గించాయన్నది నిజం. శాశ్వతంగా తొలగించాయన్నది అబద్ధం.

ప్లాస్టిక్ గురించి చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. వానలకు ముందే ఏటా పూడిక తీయాల్సిందే, ఎత్తిన మట్టిని గట్టు మీదే వదిలేయకుండా తరలించాల్సిందే. అయితే చిన్న లెక్క ఒకటి వేసి చూడండి. చదరపు కిలోమీటరు నేల మీద 1 సెంటీమీటరు వాన పడితే అది కోటి లీటర్ల నీరు. గంటలో 5 సెంటీమీటర్లు పడితే 5 కోట్ల లీటర్లు. పూర్వం దానిలో చాలా భాగం నేలలోకి ఇంకేది, మిగిలింది చెరువు చేరేది, అది నిండితే మత్తడి దూకి కింది చెరువుకు పోయేది. ఇప్పుడు స్లాబు మీద, సిమెంటు రోడ్డు మీద పడిన నీరంతా నిమిషాల్లో నాలాకు చేరుతోంది. మన వరద కాలువలు గంటకు 2 సెంటీమీటర్ల వాననే తట్టుకోగలవని అధికారులే చెబుతుంటారు. అటువంటి కాలువను అద్దంలా శుభ్రం చేసినా 5 సెంటీమీటర్ల నీరు అందులో పట్టదు. 2000 వరద తర్వాత నాలాలను పరిశీలించిన కిర్లోస్కర్ సంస్థ నివేదిక కూడా వాటిని వెడల్పు చేయాలనే చెప్పింది.

మిగిలింది ఖర్చు దండగన్న మాట. 2021లో చేపట్టిన వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం తొలి విడతకు సుమారు 985 కోట్ల రూపాయలు కేటాయించారు. ఈ పనుల్లో లోపాలు లేవని నేను అనను. ఎగువన నాలాను వెడల్పు చేసి, దిగువన ఇరుకు కల్వర్టును అలాగే వదిలేస్తే వరద ఆగదు సరికదా, ఇంకా వేగంగా పక్క బస్తీ మీద పడుతుంది. నాలాకు అడ్డంగా ఉన్న పేదల ఇళ్లు తీయాల్సి వస్తే ముందు వేరే చోట ఇళ్లు చూపించి తీయాలి. వీటిపై నిలదీయాలి. అయితే ఆ నిలదీత పని సరిగా చేయమని ఉండాలి గాని పని మానమని కాదు. విస్తరణ జరిగిన ప్రతి నాలా దగ్గరా, అది ఇంతకుముందు గంటకు ఎంత వానను మోసేది, ఇప్పుడు ఎంత మోస్తుంది, దిగువన ఏ చెరువులో కలుస్తుంది అన్న వివరాలతో తెలుగులోనూ ఉర్దూలోనూ బోర్డు పెట్టమని మన కార్పొరేషన్‌ను అడుగుదాం.