నల్ల మిషను పీడ విరగడయ్యేదెలా?

దేశాభివృద్ధికి అడ్డుపడుతున్న శక్తుల్లో నల్లటి ఇనప కుట్టు మిషను ఒకటని ఏ కమిటీ ఇంతవరకు గుర్తించకపోవడం శోచనీయం. కొన్న అమ్మమ్మ పోతుంది, వాడిన అమ్మకు కళ్లజోడు నాలుగుసార్లు మారుతుంది, మిషను మాత్రం జాకెట్లు కుడుతూనే ఉంటుంది. ఇలాగైతే కొత్తవి ఎవరు కొంటారు? యంత్రాలంటే గిట్టని గాంధీజీ కూడా 1924లో సింగర్ మిషనుకు మినహాయింపు ఇచ్చేశారు. ఇక కేసు ఎవరి దగ్గర పెట్టాలి?

దీని వకీళ్లు ‘లోపల గేర్లన్నీ లోహమే’ అని గొప్పలు పోతారు. 1930ల నాటి సింగర్ 201 అనే మోడల్ విషయంలో అది నిజమే. కానీ సింగర్ 15 మోడల్ పోలికలో మన దగ్గర తయారైన నల్ల మిషనుకు అసలు గేర్లే ఉండవు. పై షాఫ్టు వంపు నుంచి దిగిన రాడ్డు కింది షాఫ్టును ఊపుతుంది, అడుగు దారాన్ని పై దారంతో ముడివేసే షటిల్ సగం తిరిగి వెనక్కొస్తుంది, అంతే. లేని గేరును విరగ్గొట్టడం ఎవరి తరం?

కొత్త మిషన్లలోని నైలాన్ గేరు అలా కాదు, బాధ్యత తెలిసింది. బీరువాలో ఊరికే ఉన్నా ఏళ్లు గడిచేసరికి బిరుసెక్కి పగులుతుంది. కొత్తది బిగించాక టైమింగ్ సరిచేయాలి: సూది అట్టడుగు నుంచి రెండు మిల్లీమీటర్లు దాటి లేచేసరికి కింద పై దారాన్ని పట్టే హుక్ మొన సూది మధ్యకు, కన్నుకు కాస్త పైకి రావాలి. వెంట్రుకవాసి తప్పితే కుట్లు దాటేస్తాయి. ఎందరికి ఉపాధి!

కాబట్టి నల్ల మిషనును చంపే మార్గాలు మనమే వెతకాలి. మొదటిది కొబ్బరి నూనె. చలికి గడ్డకడుతుంది, ఏళ్లు గడిస్తే జిగురై చక్రాన్ని బిగించేస్తుంది. చచ్చిందనుకుంటాం. ఇంతలో ఎవరో వచ్చి నూనె రంధ్రాల్లో కిరోసిన్ చుక్కలు వేసి, రాత్రంతా వదిలేసి, పొద్దున చక్రాన్ని అటూ ఇటూ ఆడించి తుడిచి, ఒక్కో రంధ్రంలో పల్చటి మిషను నూనె ఒక్క చుక్క వేస్తారు. సిగ్గులేకుండా తిరుగుతుంది! రేషను కిరోసిన్ కనుమరుగవడం ఈ దిశగా మంచి పరిణామమే.

రెండోది, సూదిని తిరగేసి పెట్టడం. సూది పైకొసలో చదునుగా ఉన్న వైపు కుడికి పెడితే ఒక్క కుట్టూ పడదు. కానీ తెలిసినవాళ్లు చదును ఎడమకు తిప్పి, దారం కుడి నుంచి ఎడమకు ఎక్కించి మన శ్రమంతా వృథా చేస్తారు.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది మూడోదాని మీద. గుడ్డ అడుగున దారం ఉచ్చులు పడగానే జనం అడుగు దారం ఉండే బాబిన్ కేసు మీద పడతారు. తప్పు నిజానికి పైన ఉంటుంది: గుడ్డను నొక్కే పాదం దించి దారం ఎక్కిస్తే, దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు దిగదు. ఈ రహస్యం బయటపడకుండా చూడాలి. బాబిన్ కేసు స్క్రూను పూర్తిగా విప్పమని ప్రోత్సహించాలి. ఆవగింజంత స్క్రూ, బీరువా కిందికి దొర్లితే మళ్లీ కనబడదు.

తోలు బెల్టు మీద ఆశ పెట్టుకోవద్దు. సాగి జారుతుంటే అరంగుళం కోసి క్లిప్పు వేసుకుంటారు.

అటూ ఇటూ వంకర తిరిగే జిగ్‌జాగ్ కుట్టు రాకపోవడం ఒక్కటే దీని అసలు లోపం. చీరకు పీకో చేయించాలంటే షాపుకు వెళ్లాల్సిందే, సాగే బనీను గుడ్డ మీద కుట్టు పుటుక్కున తెగుతుంది. ప్రకటనకర్తలు దీన్నే పట్టుకోవాలి.

ఇవేవీ పనిచేయకపోతే పై భాగాన్ని పాత ఇనప సామాన్లవాడికి తూకానికి వేసి, స్టాండు మీద గ్రానైటు పలక పరిచి కేఫ్ టేబుల్ చేయడమే. కాఫీకి రేటూ పెంచొచ్చు. ఒక్క జాగ్రత్త: కూర్చున్నవాళ్లు తెలియకుండానే తొక్కుడు మొదలుపెడతారు, కాఫీ ఒలుకుతుంది. తొక్కుడు పలకను చక్రానికి కలిపే రాడ్డును ముందే విప్పించండి.