బాపు హార్మోనియం ఇంకా మా ఇంట్లోనే ఉంది

మన నాటక చరిత్ర మీద వ్యాసం బాగా రాశారు సార్, కానీ సినిమా టాకీసులు రాగానే మా దిక్కు నాటకం చచ్చిపోయిందన్న మాట దగ్గర ఆగిపోయాను. మా బాపు (నాన్న) జనగామ దగ్గర పల్లెలో పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవాడు, టాకీసు వచ్చాక కూడా చాలా ఏళ్లు ఆడారు. బడిలో ఒక గదిలో ముఖానికి అర్దళం (వేషానికి వేసే పసుపు రంగు) పూసుకునేవాళ్లు, పెట్రోమాక్స్ లైటు గుయ్యిమంటుంటే పద్యం ఎత్తుకునేవాళ్లు, వన్స్‌మోర్ అంటే బాపు మళ్లీ మొదటి నుంచి శ్రుతి పట్టేవాడు. ఆ హార్మోనియం పెట్టెలో రెండు మెట్లు ఇప్పుడు పలకవు.

ఆట ఆగింది మనుషులు లేక. వేషాలు కట్టే పోరగాళ్లు బతుకుదెరువుకు భివండీ, సూరత్ పోయారు, రిహార్సల్‌కు ఎవరు మిగిలారు?

ఇంకొకటి, చిందు భాగవతం (చిందు కళాకారులు ఊళ్లలో ఆడే యక్షగానం) ఊసే లేకుండా మన నాటక చరిత్ర ఎట్లా రాస్తారు? ఆడ వేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ మగ వేషాలు కూడా కట్టి మెప్పించింది. దయచేసి ఆమె గురించి ఒక పేరా కలపండి.

హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం 2024లో తెరిచారు కదా, ఆ హాలును నెలకు ఒక్క రోజైనా పల్లె నాటక బృందాలకు కిరాయి లేకుండా ఇవ్వాలి. పెట్టె బాగు చేయించి నేనే తెస్తాను.